చరిత్ర, వర్ణవివక్ష, ఆట: ఆరు నెలల చదువుకు ఏ పుస్తకాలు, ఏ వరుసలో

మీరు అడిగింది ఇది: క్రికెట్ బాగా తెలిసి, అమెరికా ఆటలు బొత్తిగా తెలియని కొద్దిమంది కలిసి ఆరు నెలలు చదవడానికి చరిత్ర, వర్ణవివక్ష, ఆట మూడూ కలిసిన పది పుస్తకాలు వరుసగా చెప్పమని. పది పేర్లు రాసిపడేయడం తేలికే. కానీ అలా చదివితే పదింటిలోనూ ఒకే కథ కనిపిస్తుంది: ప్రతిభ ఉంది, అవమానం జరిగింది, చివరికి గెలిచాడు. ఈ విషయంలో ఒక్క పుస్తకాన్ని నమ్ముకుంటే మోసపోతాం. అందుకే జంటలుగా చదవండి. ఒకటి ఆటగాడి మాట. రెండోది పాత ఉత్తరాలు, కమిటీ మినిట్స్, కోర్టు కాగితాలు తిరగేసిన చరిత్రకారుడి మాట. నెలకొక జంట చాలు. రెండూ ఎక్కడ పొసగడం లేదో పట్టుకుంటే ఆ నెల చర్చకు సరుకు దొరికినట్టే.

ఇవన్నీ ఇంగ్లీషు పుస్తకాలే. రోజుకు పది పేజీల లెక్కన నడిపితే ఎవరూ వెనకబడరు. ఒక్కో అధ్యాయాన్ని ఒక్కొక్కరు తెలుగులో ఒక పేజీకి కుదించి ముందురోజే గ్రూపులో పెడితే, ఇంగ్లీషు కొరుకుడుపడని వాళ్ళు కూడా చర్చలో నోరు విప్పగలుగుతారు.

మొదటి నెల బాసిల్ డి ఒలివేరా, తెల్లవాడు కానందువల్ల సొంత దేశం దక్షిణాఫ్రికాకు ఆడలేక ఇంగ్లండ్ జట్టుకు ఆడినవాడు. మనకు తెలిసిన ఆట, కథలో ముఖ్యమైన భాగమంతా నాలుగు వారాల్లో జరిగిపోతుంది, కాగితాలు బయటపడ్డాయి. పీటర్ ఒబోర్న్ 2004లో రాసిన ‘బాసిల్ డి ఒలివేరా: క్రికెట్ అండ్ కాన్‌స్పిరసీ’ తీసుకోండి. జంటగా డి ఒలివేరా 1980 నాటి ఆత్మకథ ‘టైమ్ టు డిక్లేర్’. చదవడం మొదలుపెట్టేముందు పెద్ద కాగితం మీద రెండు గడులు గీసుకోండి. ఎడమవైపు తేదీ, కుడివైపు ఆ తేదీకి ఎవరికి ఏం తెలుసు.

ఎడమవైపు గడి తేలిగ్గా నిండుతుంది. 1968 ఆగస్టులో ఓవల్ టెస్టులో ఆస్ట్రేలియా మీద డి ఒలివేరా 158 కొట్టాడు. అది కూడా మొదట ఎంపికైన రోజర్ ప్రిడో తప్పుకుంటే దక్కిన అవకాశం. టెస్టు ముగిసిన రాత్రే సెలెక్టర్లు కూర్చుని, దక్షిణాఫ్రికా టూర్ జట్టులో అతన్ని వదిలేశారు. సెప్టెంబర్ 16న టామ్ కార్ట్‌రైట్ గాయంతో తప్పుకుంటే అతని బదులు డి ఒలివేరాను తీసుకున్నారు. 17న దక్షిణాఫ్రికా ప్రధాని వోర్‌స్టర్ బ్లూమ్‌ఫాంటేన్ సభలో ఈ జట్టును రానివ్వబోమని తేల్చేశాడు. 24న, ఇంగ్లండ్ జట్టును విదేశాలకు పంపే క్లబ్బు ఎంసీసీ టూర్‌ని రద్దు చేసింది.

తిరకాసంతా కుడివైపు గడిలో ఉంది. అదే ఏడాది మార్చిలో ఎంసీసీ మాజీ అధ్యక్షుడు లార్డ్ కోబమ్ దక్షిణాఫ్రికాలో వోర్‌స్టర్‌ని కలిశాడు. డి ఒలివేరా ఉంటే టూర్ ఉండదని అప్పుడే తెలిసింది, ఆ సంగతి ఉత్తరంగా ఎంసీసీ కేంద్రమైన లార్డ్స్‌కి చేరింది. చేరాక సెక్రటరీ, ప్రెసిడెంట్, ట్రెజరర్ ముగ్గురి దగ్గరే ఆగిపోయింది, కమిటీ ముందుకు రాలేదు. అంటే ఆగస్టు రాత్రి ఆ గదిలో కూర్చున్నవాళ్ళలో కొందరికి తెలుసు, కొందరికి తెలియదు. ‘క్రికెట్ కారణాలతోనే పక్కన పెట్టాం’ అన్న మాట ఎవరి నోట నిజం, ఎవరి నోట కాదు అన్నది ఈ గడి నింపితేనే తేలుతుంది. ఇంకో సంగతి. ఆ ఉత్తరం 1969లోగానీ బయటికి రాలేదు. కాబట్టి 1968లోనే వచ్చిన అతని తొలి ఆత్మకథలో దానికోసం వెతికితే దొరకదు. పాత పుస్తకం కొనేటప్పుడు అచ్చయిన ఏడాది చూడమనేది ఇందుకే.

ఆత్మకథలో ఎక్కడ జాగ్రత్త పడాలో కూడా ఇక్కడే నేర్చుకోవచ్చు. వయసు ఎక్కువని తెలిస్తే తీసుకోరన్న భయంతో డి ఒలివేరా ఇంగ్లండ్‌లో తన వయసు తగ్గించి చెప్పుకున్నాడు. అందుకే పాత పుస్తకాల్లో ఒక పుట్టిన ఏడాది, తర్వాతి వాటిలో మరొకటి కనిపిస్తాయి. ఇది అతని తప్పుగా చూడకండి. అతని వయసులో ఉన్న తెల్లవాడికి ఆ అవసరమే రాలేదు, టెస్టు ఆడాల్సిన వయసులో వాడు టెస్టులే ఆడుకున్నాడు. డి ఒలివేరా ఇంగ్లండ్ చేరేసరికే 1960 వచ్చింది. అది కూడా జాన్ ఆర్లాట్ పూనుకుంటే మిడిల్టన్ క్లబ్బులో చోటు దొరికింది.

ఈ కథ చదివినవాళ్ళలో చాలామంది దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళ క్రికెట్ డి ఒలివేరాతోనే మొదలైందనుకుంటారు. ఆ అపోహ పోవాలంటే జాంటీ వించ్, రిచర్డ్ ప్యారీ 2020లో రాసిన ‘టూ బ్లాక్ టు వేర్ వైట్స్’లో మొదటి మూడు నాలుగు అధ్యాయాలు చాలు. క్రోమ్ హెండ్రిక్స్ అనే ఫాస్ట్ బౌలర్‌ని 1894 ఇంగ్లండ్ టూర్‌కి తీసుకెళ్ళకుండా ఆపిన కథ అది. అప్పటి కేప్ కాలనీ ప్రధాని సెసిల్ రోడ్స్ మనుషులు అందులో ఉన్నారు. అపార్థీడ్ అనే ప్రభుత్వ వర్ణవివక్ష విధానం రావడానికి యాభై ఏళ్ళకు పైగా ముందే ఆటలో గీత గీశారు.

రెండో నెల ట్రినిడాడ్ రచయిత సి.ఎల్.ఆర్. జేమ్స్ ‘బియాండ్ ఎ బౌండరీ’. 1963 నాటిది. ఈ రంగంలో అందరూ మొదట చెప్పే పేరు, ఎక్కువమంది సగంలో వదిలేసే పుస్తకం కూడా ఇదే. వదిలేసే చోటు కూడా దాదాపు ఒకటే: మధ్యలో ట్రినిడాడ్‌ని వదిలేసి ఇంగ్లండ్ క్రికెటర్ డబ్ల్యూ.జి. గ్రేస్, రగ్బీ బడి హెడ్మాస్టర్ థామస్ ఆర్నాల్డ్, పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ బడులు అంటూ వెళ్ళే అధ్యాయాలు. వరుస మార్చి చదవండి. ముందు బాల్యం, క్లబ్బుల భాగం. ఆ తర్వాత నేరుగా చివరికి, నల్లవాడైన ఫ్రాంక్ వారెల్‌ని వెస్టిండీస్ కెప్టెన్ చేయాలని 1960లో జేమ్స్ తన పత్రికలో నడిపిన పోరాటానికి వెళ్ళండి. ఆపైన గ్రేస్ దగ్గరికి వెనక్కి రండి. అప్పుడు ఆ అధ్యాయాలు ఎందుకున్నాయో అర్థమవుతుంది. అంపైర్ మాటకు ఎదురు చెప్పకూడదు, గెలుపోటములు తొణకకుండా తీసుకోవాలి అని తనకు నూరిపోసిన ఆ ఇంగ్లీషు నీతి ఎక్కడ పుట్టిందో వెతకడానికి వెళ్ళాడాయన. ఆ నీతిని ఆయన నమ్మాడు. అదే నీతిని చెప్పేవాళ్ళు దాన్ని ఎలా తుంగలో తొక్కారో కూడా చూశాడు. రెండూ ఒకే మనిషిలో ఉండటమే ఈ పుస్తకం బలం.

క్లబ్బుల అధ్యాయాన్ని తొందరపడి దాటకండి. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో క్వీన్స్ పార్క్ ధనిక తెల్లవాళ్ళది, షామ్రాక్ పాత కాథలిక్ కుటుంబాలది, మేపుల్ లేతరంగు మధ్యతరగతిది, షానన్ నల్ల దిగువ మధ్యతరగతిది, స్టింగో పేదలది. పోలీసులకు వేరే జట్టు. ముదురు రంగున్న జేమ్స్ మేపుల్‌లో చేరాడు. వెస్టిండీస్ ఆటగాళ్ళు లియరీ కాన్‌స్టంటైన్, విల్టన్ సెయింట్ హిల్ ఆడిన షానన్‌ని కాదనుకుని చేరాడు. ఆ ఎంపిక తన రాజకీయ ఎదుగుదలను ఏళ్ళ తరబడి వెనక్కి లాగిందని తానే రాసుకున్నాడు. తెలుపు, నలుపు అని రెండే గడులు గీసుకుని ఈ పుస్తకం తెరిస్తే ఏమీ అంతుపట్టదు. మెట్ల మీద మెట్లున్న సమాజంలో పెరిగిన మనకు మాత్రం ఒక్క పేజీలో అర్థమైపోతుంది.

లోటు కూడా చెప్పాలి. ట్రినిడాడ్ జనాభాలో పెద్ద భాగమైన భారత సంతతి వాళ్ళు ఈ పుస్తకంలో దాదాపు కనబడరు. ఆడవాళ్ళు ఇంట్లో పెద్దమ్మలుగా తప్ప ఎక్కడా లేరు. మీ చర్చలో ఎవరో ఒకరు దీన్ని లేవనెత్తాలి.

జంటగా కాన్‌స్టంటైన్ 1954లో తెచ్చిన ‘కలర్ బార్’. దొరకడం కొంచెం కష్టం, పాత పుస్తకాల వెబ్‌సైట్లలో వెతకాలి. దొరక్కపోతే దిగులు వద్దు, అతని హోటల్ కేసు ఒక్కటి చదివినా చాలు. 1943లో లండన్ రసెల్ స్క్వేర్‌లోని ఇంపీరియల్ హోటల్లో నాలుగు రాత్రులకు గది తీసుకున్న కాన్‌స్టంటైన్ కుటుంబాన్ని, అమెరికన్ అతిథులకు ఇబ్బందంటూ ఒక్క రాత్రితో వెళ్ళిపొమ్మన్నారు. 1944లో కోర్టు అతని పక్షాన తీర్పిచ్చింది, పరిహారం ఐదు గినీలు. అంత తక్కువెందుకన్నది చూడండి: వర్ణవివక్షను నిషేధించే చట్టమే అప్పటికి బ్రిటన్లో లేదు, మొదటిది 1965లో వచ్చింది. ప్రయాణికుడికి చోటివ్వాల్సిన సత్రం యజమాని బాధ్యత అనే పాత సూత్రం మీద ఈ కేసు గెలవాల్సి వచ్చింది. అవమానం అందరికీ కనిపిస్తున్నా దాన్ని పట్టుకునే చట్టం లేదు.

ఒక హెచ్చరిక. కాన్‌స్టంటైన్ తొలి పుస్తకం ‘క్రికెట్ అండ్ ఐ’ 1933లో వచ్చింది. దాని రాతలో జేమ్స్ చెయ్యి ఉంది. దాన్ని జేమ్స్ పుస్తకానికి జంటగా పెడితే ఒకే గొంతు రెండుసార్లు విన్నట్టవుతుంది.

మూడో నెల మన దేశం. రామచంద్ర గుహ 2002లో రాసిన ‘ఎ కార్నర్ ఆఫ్ ఎ ఫారిన్ ఫీల్డ్’, ప్రశాంత్ కిడాంబి 2019లో రాసిన ‘క్రికెట్ కంట్రీ’. ఇక్కడ ఆటగాడి ఆత్మకథ లేదు. ఈ నెల ముఖ్యపాత్ర అయిన దళిత బౌలర్ పల్వంకర్ బాలూ తన కథ ఇంగ్లీషులో రాసుకోలేదు. కాబట్టి ఇద్దరు చరిత్రకారులను పక్కపక్కన పెట్టాలి. కొనేటప్పుడు ఒక చిక్కుంది: కిడాంబి పుస్తకం మన దేశంలో ఒక ఉపశీర్షికతో, బయట ఆక్స్‌ఫర్డ్ ప్రచురణగా ఇంకో ఉపశీర్షికతో వచ్చింది. రెండు పుస్తకాలనుకుని రెండూ కొనేవాళ్ళున్నారు. లోపల ఉన్నది ఒకటే.

బాలూ కథ తెలిసినవాళ్ళకు కూడా గుహ పుస్తకంలో కొత్త సంగతులు దొరుకుతాయి. చర్మకారుల కులంలో పుట్టి, పుణెలో యూరోపియన్ క్లబ్బు పిచ్ చూసుకునే పనిలో ఉంటూ, గ్రెగ్ అనే దొరకు నెట్స్‌లో బంతులేస్తూ ఎదిగినవాడు. మతాలవారీ పోటీల్లో హిందూ జట్టులోకి తీసుకున్నాక కూడా మైదానంలో బంతి పంచుకున్నారు, టీ మాత్రం బయట మట్టి ముంతలో ఇచ్చారు. కెప్టెన్సీ అతనికి ఎన్నడూ ఇవ్వలేదు. ఆ కోపంతోనే 1920లో తమ్ముళ్ళు విఠల్, శివరాం జట్టు నుంచి తప్పుకున్నారు. 1923లో విఠల్ కెప్టెన్ అయ్యాడు. ఆ తర్వాత 1937 ఎన్నికల్లో బాలూ కాంగ్రెస్ తరఫున అంబేడ్కర్ మీదే నిలబడి ఓడిపోయాడు. చాలా వ్యాసాలు బాలూని అంబేడ్కర్‌కి స్ఫూర్తి అన్న దగ్గర ఆపేసి ఈ చివరి ముక్క మింగేస్తాయి. చర్చకు పనికొచ్చేది అదే.

అంకెల విషయంలో జాగ్రత్త. 1911 ఇంగ్లండ్ టూర్‌లో బాలూ వికెట్లు ఒకచోట 114, ఇంకోచోట 75 అని కనిపిస్తాయి. రెండూ సరైనవే. మొదటిది టూర్లో అన్ని మ్యాచ్‌లూ కలిపి, రెండోది ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు మాత్రమే. ఆ కాలపు ఏ టూర్ గురించి చదివినా లెక్క దేని మీద వేశారో ముందు చూడండి.

అదే పుస్తకంలో సి.కె. నాయుడు 1926లో బొంబాయి జింఖానా మైదానంలో ఎంసీసీ మీద చేసిన 153 గురించి కూడా ఉంది. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్ళది. మనం ఆయన్ని 1932 తొలి టెస్టు కెప్టెన్‌గా, 1953-54లో ఆంధ్ర జట్టు తొలి రంజీ సీజన్లో ఆడిన పెద్దాయనగా తలుచుకుంటాం. 1926లో మాత్రం ఆయన ఆడింది ‘హిందూస్’ అనే జట్టుకు. మతం ప్రకారం జట్లు కట్టిన ఆ పోటీలు 1946 దాకా నడిచాయి. వాటి వాదోపవాదాలు గుహ పుస్తకంలో వివరంగా ఉన్నాయి.

నాలుగో నెల బాక్సింగ్, హెవీవెయిట్ ప్రపంచ టైటిల్ గెలిచిన తొలి నల్లవాడు జాక్ జాన్సన్. ఆటలో తెలుసుకోవాల్సిన నియమాలు తక్కువ, మూలాలు ఉచితంగా దొరుకుతాయి. జెఫ్రీ వార్డ్ 2004లో రాసిన ‘అన్‌ఫర్‌గివబుల్ బ్లాక్‌నెస్’ నాలుగు వందల పేజీలు దాటిన పుస్తకం. నెల మొత్తం దీనికే పోతుంది. జంటగా జాన్సన్ 1927 నాటి ‘ఇన్ ద రింగ్ అండ్ అవుట్’. అతను 1946లో చనిపోయాడు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్ళకు హక్కులు తీరిపోతాయి కాబట్టి దీన్ని దించుకోవడంలో ఇబ్బందేమీ లేదు.

జాన్సన్ స్వీయకథ సరదాగా ఉంటుంది, అతిశయాలకు లోటు లేదు. అసలు పరీక్ష 1915 హవానా పోరు దగ్గర. జెస్ విల్లార్డ్ చేతిలో 26వ రౌండ్‌లో పడిపోయి, తర్వాత కావాలనే ఓడానని చెప్పుకున్నాడు. కావాలని ఓడేవాడు మండుటెండలో 26 రౌండ్లు ఎందుకు ఆడతాడు? వార్డ్ దీన్ని ఎలా తూస్తాడో చూడండి, చరిత్రకారుడి పని ఏమిటో అక్కడ తెలుస్తుంది.

ఈ నెల మూడో మూలం కూడా చేర్చండి, అది పాత పత్రికలు. జాన్సన్ టైటిల్ గెలిచింది 1908 డిసెంబర్ 26న సిడ్నీలో, టామీ బర్న్స్ మీద. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్ వెబ్‌సైట్లో ఆ కాలపు పత్రికలు ఉచితం. ఆ రోజు శనివారం, కాబట్టి సోమవారం 28వ తేదీ పెట్టి వెతకండి. ఇద్దరి పేర్లు, సిడ్నీ స్టేడియం ఉన్న రష్‌కట్టర్స్ బే అన్న పేరు వేస్తే వార్తలు గుట్టలుగా వస్తాయి. యంత్రం చదివిన పాఠంలో అక్షరదోషాలు ఎక్కువ. దాన్ని నమ్మకుండా పక్కనే ఉన్న పేజీ బొమ్మను పెద్దది చేసుకుని చదవాలి. భాష రోతగా ఉంటుంది, ముందే చెప్తున్నా. పద్నాలుగో రౌండ్‌లో పోలీసులు ఆపేశారన్నదాన్ని ఏ పత్రిక ఎలా రాసిందో రెండు మూడు పక్కపక్కన పెట్టి చూడండి. 1910 జూలై 4న రీనోలో తెల్ల మాజీ ఛాంపియన్ జెఫ్రీస్ మీద గెలుపుకీ, ఆ రాత్రి అమెరికా నగరాల్లో చెలరేగిన దాడులకూ అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి ‘క్రానిక్లింగ్ అమెరికా’ ఉంది. బాక్సింగ్ ఫిల్ములను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్ళకూడదని 1912లో చట్టం తెచ్చారు. తెల్లవాడు నేలకూలిన బొమ్మ జనం కంట పడకూడదని ఒక దేశం చట్టం చేసుకుంది. తెల్ల స్త్రీతో ప్రయాణం పేరుతో 1913లో పడిన శిక్షకు జాన్సన్‌కి 2018లో వచ్చిన క్షమాభిక్ష వార్డ్ పుస్తకంలో ఉండదు, అది తర్వాతి సంగతి.

బాక్సర్ మహమ్మద్ అలీ గురించి వేరే నెల పెట్టలేదు. పుస్తకాలు లేక కాదు, మరీ ఎక్కువై. ఒక్కటే చదవాలంటే జొనాథన్ ఐగ్ 2017 నాటి ‘అలీ: ఎ లైఫ్’. 1975 నాటి ‘ద గ్రేటెస్ట్’ అలీ పేరుతో ఉన్నా రాసింది రిచర్డ్ డర్హమ్. ఒలింపిక్ పతకాన్ని నదిలో విసిరేసిన ఘట్టం ప్రసిద్ధి పొందింది అందులోంచే. దాని నిజానిజాల మీద వివాదం ఇంకా ఉంది.

ఐదో నెల బేస్‌బాల్, 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టుకు ఆడి ప్రధాన లీగుల్లో వర్ణగీతను చెరిపిన జాకీ రాబిన్సన్. ఇక్కడే మీవాళ్ళు బెదిరిపోతారు, కానీ తెలుసుకోవాల్సింది తక్కువ. బ్యాటర్ బంతిని కొట్టకుండానే, బంతి విసిరేవాడు విసరబోయే అదనులో పరుగెత్తి తర్వాతి బేస్‌కి (పరుగు కోసం వరుసగా తాకాల్సిన మజిలీ) చేరడాన్ని ‘స్టీలింగ్’ అంటారు, జాకీ రాబిన్సన్‌ని కళ్ళార్పకుండా చూసింది దానికే. పెద్ద జట్టు కింద శిక్షణ జట్లుంటాయి. 1946లో రాబిన్సన్‌ని ముందు మాంట్రియల్ పంపింది అందుకే. ఈ రెండూ తెలిస్తే జూల్స్ టైగీల్ 1983లో రాసిన ‘బేస్‌బాల్స్ గ్రేట్ ఎక్స్‌పెరిమెంట్’ నడిచిపోతుంది.

జంటగా రాబిన్సన్ స్వీయకథ. అయితే అతని పేరుతో ఒకటి కంటే ఎక్కువున్నాయి. 1948లో వెండెల్ స్మిత్ రాసిపెట్టిన ‘మై ఓన్ స్టోరీ’ ఒకటి, 1972లో ఆల్ఫ్రెడ్ డకెట్‌తో తెచ్చిన ‘ఐ నెవర్ హ్యాడ్ ఇట్ మేడ్’ ఒకటి. మీకు కావాల్సింది రెండోది. మొదటిది, ఆడుతున్న రోజుల్లో, నోరు కట్టుకుని ఉండాల్సిన మనిషిది. రెండోది చనిపోయే ఏడాది రాసింది. అందులో 1949లో నల్లజాతి గాయకుడు, ఉద్యమకారుడు పాల్ రోబ్సన్‌కి వ్యతిరేకంగా అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు తానిచ్చిన వాంగ్మూలాన్ని మళ్ళీ తూచుకుంటాడు, జాతీయగీతానికి లేచి నిలబడలేనంటాడు. అదే మనిషి, పాతికేళ్ళ తేడా.

సినిమాలూ బొమ్మల పుస్తకాలూ అరగదీసిన ఘట్టం ఒకటుంది: ప్రేక్షకులు తిడుతుంటే అతని జట్టులోని తెల్ల ఆటగాడు పీ వీ రీస్ వచ్చి రాబిన్సన్ భుజం మీద చెయ్యి వేయడం. 1947లో సిన్సినాటి అని కొందరు, 1948లో బోస్టన్ అని కొందరు. బ్రూక్లిన్‌లో దానికి విగ్రహం కూడా ఉంది. తేదీ, ఊరు కుదరని ఘట్టాన్ని పుస్తకం ఎంత ధీమాగా చెప్తే ఆ పుస్తకాన్ని అంత అనుమానించండి.

టైగీల్ దగ్గర అసలు నేర్చుకోవాల్సింది దీనికి అవతలి పక్క. రాబిన్సన్‌ని తీసుకున్నందుకు అతని పాత జట్టు కాన్సాస్ సిటీ మోనార్క్స్‌కి డాడ్జర్స్ ఒక్క డాలరూ ఇవ్వలేదు. న్యూవర్క్ జట్టు యజమానురాలు ఎఫా మాన్లీ పట్టుబట్టి లారీ డోబీకి 15,000 డాలర్లు రాబట్టింది. ప్రేక్షకులు తరలిపోయారు, నల్లవాళ్ళ లీగులు కొన్నేళ్ళలో కుప్పకూలాయి. గేటు తెరుచుకున్నందుకు మూల్యం ఎవరు చెల్లించారన్న ప్రశ్న దగ్గర ఒక రోజంతా ఆగండి. గణాంకాల విషయంలో 2024కి ముందు అచ్చయినవన్నీ పాతబడ్డాయి. ఆ ఏడాది నల్లవాళ్ళ లీగుల అంకెలను ప్రధాన రికార్డుల్లో కలిపారు, జీవితకాల బ్యాటింగ్ సగటులో టై కాబ్‌ని దాటి జాష్ గిబ్సన్ .372తో పైకి వచ్చాడు.

ఒలింపిక్స్‌కి పూర్తి నెల అక్కర్లేదు. 1936 బెర్లిన్‌లో నాలుగు బంగారు పతకాలు గెలిచిన నల్ల అమెరికన్ జెస్సీ ఓవెన్స్ మీద విలియం బేకర్ 1986 నాటి జీవితచరిత్ర ఒక్కటి చాలు. హిట్లర్ ఓవెన్స్‌తో చేయి కలపకుండా వెళ్ళిపోయాడన్న కథ అందరికీ నోటికొచ్చు. జరిగింది వేరు. మొదటి రోజు కొందరు విజేతలను పిలిచి అభినందించిన హిట్లర్, హైజంప్‌లో నల్లవాడైన కార్నీలియస్ జాన్సన్ పతకం అందుకునే వేళకు స్టేడియం వదిలాడు. అభినందిస్తే అందర్నీ, లేదంటే ఎవర్నీ వద్దని ఒలింపిక్ సంఘం అధ్యక్షుడు చెప్పడంతో ఆ తర్వాత ఎవర్నీ పిలవలేదు. లాంగ్‌జంప్‌లో జర్మన్ లుట్జ్ లాంగ్ సలహా ఇచ్చాడన్న ఘట్టాన్ని కూడా తర్వాతి పరిశోధకులు గట్టిగా శంకించారు. ఓవెన్స్ పేరుతో 1970లో, 1972లో వచ్చిన రెండు పుస్తకాలూ పాల్ నైమార్క్ చేతివే. రెండింటినీ వెంటవెంటనే చదివితే రెండో దానిలో మొదటి దాని వాదనను వెనక్కి తీసుకోవడం కనిపిస్తుంది. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో ఇద్దరు నల్ల అమెరికన్లు పతక వేదిక మీద పిడికిలెత్తిన నిరసన కోసం హ్యారీ ఎడ్వర్డ్స్ 1969 నాటి ‘ద రివోల్ట్ ఆఫ్ ద బ్లాక్ అథ్లెట్’. వేడి చల్లారకముందే రాసిన పుస్తకం, అలాగే చదవాలి.

ఒక రకం పుస్తకాలకు డబ్బు పెట్టకండి: నల్లవాళ్ళు పుట్టుకతోనే పరుగులో మేటి అని జన్యువుల పేరుతో చెప్పేవి. కొనకముందు రెండు ప్రశ్నలు వేయండి. ‘ఆఫ్రికన్లు’ అని ఒక్క మూటగా కడుతోందా? మిగతా ప్రపంచమంతటి కంటే ఆఫ్రికా లోపలే జన్యు వైవిధ్యం ఎక్కువ. కెన్యా దూరపు పరుగు విజేతల్లో అత్యధికులు కలెంజిన్ అనే ఒక్క సముదాయం వాళ్ళు. రెండోది, అదే ఆటలో అంతకుముందు ఎవరు గెలిచేవాళ్ళో, అప్పుడు ఏ కారణం చెప్పారో రాసిందా? 1930లలో అమెరికా బాస్కెట్‌బాల్‌లో యూదుల జట్లు వెలిగినప్పుడు వాళ్ళ రక్తానికి కూడా పత్రికలు ఇలాంటి కారణాలే అంటగట్టాయి. మాంటేగ్ కాబ్ అనే నల్లజాతి శరీరశాస్త్రవేత్త 1936లోనే ఓవెన్స్ కాళ్ళు కొలిచి, ‘నీగ్రో లక్షణాలు’ అని చెప్పుకునేవి అతని పిక్కలో, మడమలో లేవని తేల్చాడు. ఈ చర్చ కావాలనుకునేవాళ్ళు డేవిడ్ ఎప్‌స్టీన్ 2013 నాటి ‘ద స్పోర్ట్స్ జీన్’ చదవండి. కలెంజిన్‌ల విషయంలో జన్యువులకు కొంత చోటిస్తూనే శిక్షణ, ఎత్తు, బతుకుతెరువు కూడా లెక్కలోకి తీసుకుంటాడు.

ఆరో నెల మళ్ళీ దక్షిణాఫ్రికాకి, ఈసారి డర్బన్‌కి. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ అక్కడ చేరింది మొదలు 1911 దాకా 1,52,184 మంది కూలి ఒప్పందాల మీద వెళ్ళారు. మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. ముందు నేపథ్యానికి అశ్విన్ దేశాయ్, గులాం వాహెద్ రాసిన ‘ఇన్‌సైడ్ ఇండియన్ ఇండెంచర్’లో నచ్చిన అధ్యాయాలు. తర్వాత అదే ఇద్దరు, విష్ణు పడయాచీ, కృష్ రెడ్డి కలిసి 2002లో తెచ్చిన ‘బ్లాక్స్ ఇన్ వైట్స్’, క్వాజులూ-నటాల్‌లో నూరేళ్ళ క్రికెట్ పోరు. నెలాఖరుకి క్రిస్టఫర్ నికల్సన్ రాసిన పాప్వా సెవ్‌గోలం జీవితం. చేతులు తిరగేసి గోల్ఫ్ కర్ర పట్టే ఈ డర్బన్ భారత సంతతి ఆటగాడు 1959లో డచ్ ఓపెన్ గెలిచాడు. 1963లో నటాల్ ఓపెన్ గెలిస్తే, తెల్లవాళ్ళు క్లబ్బు లోపల ఉండగా వానలో బయట నిలబడి కప్పు అందుకున్నాడు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది.

ఈ పుస్తకాల్లో మనవాళ్ళను వెతకాలంటే ఇండెక్స్‌లో తెలుగు ఊళ్ళ పేర్లతో మొదలుపెట్టకండి, ఎక్కువ దొరకవు. నాయుడు అక్కడ ‘నాయిడూ’ అయ్యాడు, ఆ పేరు తమిళులకూ ఉంది. కాబట్టి ఇంటిపేరు ఒక్కటే చూసి తెలుగువాడని తేల్చకుండా, పక్కన ఆంధ్ర మహాసభ లాంటి సంఘం పేరో, ఓడ జాబితాలో జిల్లా పేరో ఉందేమో చూసుకోండి. ఓడ జాబితాల్లో జిల్లాల పేర్లు ఇంగ్లీషువాళ్ళ చెవికి తోచినట్టు రాసి ఉంటాయి. వైజాగపటాం, గంజాం, నార్త్ ఆర్కాట్ అన్న వరుసలు ముందు పట్టుకుంటే మిగతావి తేలిక.